రాసుకోని మాటలు

జెనీవా,
మార్చి 9.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖవారైన క్వేకర్లలో గాంధీగారి మిత్రుడు హొరేస్ అలెగ్జాండర్ తప్ప మీకెవరూ తెలియరని, అయినా వారు దౌత్యవేత్తలను ఇంటికి పిలిచి భోజనం పెట్టినంత మాత్రాన దేశాల మధ్య సయోధ్య ఎలా కుదురుతుందని పోయిన ఉత్తరంలో అడిగారు.

ఐక్యరాజ్య సమితి సమావేశాల్లో ప్రతినిధుల మాటలను సంగ్రహంగా రాయడమే నా ఉద్యోగం. దేశం పేరున్న పలక వెనుక కూర్చున్నవారు తమ రాజధాని పంపిన మాటే పలుకుతారు. అది రికార్డుకు ఎక్కుతుంది కనుక తర్వాత దాని నుంచి వెనక్కి తగ్గడం వారికి తలవంపుగా ఉంటుంది. ఇక్కడి క్వేకర్ హౌస్‌లో జరిగే విందుల్లో ఆ పలకలూ ఉండవు, నాలాంటి రాతగాళ్లూ ఉండరు. ఎవరేమన్నారో బయట చెప్పకూడదన్న నియమం మీద కొద్దిమంది దౌత్యవేత్తలు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆదివారాలు నేను క్వేకర్ల మౌన ప్రార్థనకు వెళుతుంటాను. పూజారి లేని ఆ గదిలో ఎవరికైనా మాట తోస్తే లేచి చెప్తారు, ఎవరూ దాన్ని ఖండించరు, మళ్లీ మౌనమే. ఆ విందులకు ఈ అలవాటే పునాది అని నాకు అనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ చెప్తాను. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ప్రకారం 15 ఏళ్లు నిండినవారిని యుద్ధానికి పంపవచ్చు. ఆ వయసును 18కి పెంచాలని పట్టుబట్టినవారిలో జెనీవా క్వేకర్లు ముఖ్యులు. 2000లో వచ్చిన అదనపు ఒప్పందం ప్రత్యక్ష పోరాటానికి 18 ఏళ్లనే హద్దుగా పెట్టింది. అయితే స్వచ్ఛందంగా సైన్యంలో చేరేవారికి మాత్రం అంతకన్నా తక్కువ వయసును అనుమతించింది. రాజీ అంటే అదే కదా.

అన్నిచోట్లా ఫలితం దక్కలేదు. 1965 యుద్ధం తర్వాత మన దేశానికీ పాకిస్తాన్‌కూ వచ్చి వెళ్లిన క్వేకర్ మధ్యవర్తి ఆడమ్ కర్ల్, నైజీరియా అంతర్యుద్ధంలో సహచరులతో కలిసి ఇరుపక్షాల నాయకులనూ పదేపదే కలిశాడు. 1970లో ఆ యుద్ధం, నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రా ఓటమితోనే ముగిసింది తప్ప చర్చలతో కాదు. ఆ రాకపోకలు వృథా అని మీరు అనవచ్చు. ఎదుటివాడి ఆలోచన ఇదీ అని నమ్మకంగా చెప్పే మనిషి ఒకడు ఉండటం రెండు పక్షాలకూ అవసరమే అని నేను అంటాను.

మన అరుగు మీద కాలువ నీళ్ల తగాదాలు విన్నప్పుడు మీరు చివరికి తీర్పు చెప్పేవారు. ఈ క్వేకర్లు చెప్పరు, ఎవరిది న్యాయమో తమలో తాము అనుకున్నా పైకి అనరు. నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పనిగా తోస్తుంది. మీ తీర్పు విని వెళ్లిన ఆ రెండు కుటుంబాలూ తర్వాత మాట్లాడుకున్నాయా? జవాబులో తప్పక రాయండి.

అమ్మకు నా నమస్కారాలు.

మీ కుమార్తె