కొత్త ప్రెషర్ వాషర్ కొనబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,
నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పోయినసారి వచ్చినప్పుడు నువ్వు మూలన పెట్టి వెళ్లిన ప్రెషర్ వాషరును, అదే నీళ్లను బలంగా చిమ్మి కడిగే మిషనును, నిన్న మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని విప్పాను. కొత్తది ఏది కొనాలని అడిగావు గాని, పాతది ఎందుకు పోయిందో తేల్చుకోకుండా జవాబు చెబితే అదే జబ్బును మళ్లీ డబ్బు పోసి కొనుక్కున్నట్టవుతుందని ముందు ఈ పని పెట్టుకున్నాను.

నీళ్ల పైపు బిగించే చోట, లోపల, బొటనవేలి గోరంత జాలీ ఒకటి ఉంటుంది. దాన్ని పట్టకారుతో లాగితే పాచీ ఇసుకా కలిసిన ముద్ద ఊడివచ్చింది. జాలీ ఒక పక్కన చిరిగి ఉంది. పంపు తల విప్పి చూస్తే లోపల మూడు చిన్న పిస్టన్లు కనిపించాయి. ఆ చిరుగులోంచి దూరిన ఇసుక వల్ల వాటిలో ఒకదాని మీద నిలువునా గీత పడింది. కంటికి సరిగా ఆనదు గాని, గోటితో రాస్తే తెలుస్తుంది. ఆ గీతే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలును కోసింది. మిషను అడుగున నీళ్లు కారడానికి కారణం అదే. గన్ మీట వదిలేశాక కూడా మోటారు ఉండి ఉండి తనంతట తాను బుర్రుమని తిరిగి ఆగుతోందని నువ్వు చెప్పావు కదా, దానికీ మూలం ఇసుకే. మీట వదలగానే పంపులో నిలబడిన పీడనం ఒక చిన్న స్విచ్చును నెట్టి మోటారును ఆపుతుంది. నీళ్లు బయటికి వెళ్లే దారిలోని వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు, పీడనం మెల్లగా జారిపోతుంది, మీట నొక్కారనుకుని మోటారు మళ్లీ లేస్తుంది. సీళ్లూ వాల్వులూ మార్చి దీన్ని బతికించేవాడినే. కాని పంపు తల ప్లాస్టిక్‌ది. బోల్టు పక్కన వెంట్రుకవాసి పగులు ఇచ్చింది. 100 బార్ల పీడనం మోయవలసిన చోట అతుకులు నిలవవు. అందుచేత కొత్తది కొనవలసిందే.

ఇక పెట్టె మీద ముద్రించే అంకెల సంగతి. ఇక్కడ ఎవరి మాటా నమ్మకుండా నువ్వే ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. పీడనాన్ని బార్లలోను, నీటి ధారను నిమిషానికి ఎన్ని లీటర్లన్న లెక్కలోను తీసుకుని, రెంటినీ గుణించి, 600తో భాగిస్తే, నీటికి అందే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 100 బార్లు, 6 లీటర్లు అయితే సరిగ్గా 1 కిలోవాటు. మోటారులోనూ పంపులోనూ కొంత వేడిగా పోతుంది కనుక ఆ పనికి సుమారు 1,500 వాట్ల మోటారు ఉండటం న్యాయంగానే ఉంటుంది. అదే 1,500 వాట్ల మిషను పెట్టె మీద 200 బార్లు, 10 లీటర్లు అని రాసి ఉంటే లెక్క 3.3 కిలోవాట్లు దాటుతుంది. తీసుకున్న కరెంటుకు రెట్టింపు పని ఏ యంత్రమూ చేయదు. అలాగని అక్కడ రాసినది పచ్చి అబద్ధమని కూడా అనలేం. ఒక అంకె ధారను దాదాపు మూసేసినప్పటి గరిష్ఠ పీడనం, రెండోది అడ్డూ ఆపూ లేకుండా వదిలినప్పటి గరిష్ఠ ధార. ఆ రెండూ ఒకేసారి ఎన్నడూ కలవవు. నువ్వు చూడవలసినది పని చేస్తున్నప్పటి పీడనం, అప్పటి ధార. ఆ అంకెలు పెట్టె మీద లేకపోతే మిషను వెనుక అతికించిన పట్టీ మీద వెతుకు. పీడనాన్ని పీఎస్ఐలో రాస్తే 14.5తో భాగించి బార్లలోకి మార్చుకో.

కారు, రెండు బండ్లు, వాకిలి, మేడ మెట్లు కడగడానికి పనిలో 100 నుంచి 120 బార్లు, 6 లీటర్లకు తగ్గని ధార చాలు. పీడనం బురదను ఊడదీస్తుంది, ధార దాన్ని కొట్టుకుపోనిస్తుంది. ధార సన్నగా ఉండి పీడనం మాత్రమే ఎక్కువైతే మట్టి అటునుంచి ఇటు జరుగుతుందే తప్ప గచ్చు తేటపడదు.

మోటారు సంగతికి వస్తే, కార్బన్ బ్రష్షులున్నది తేలిక, చవక, చెవులు చిల్లులు పడే మోత. ఇండక్షన్ మోటారు బరువు, ధర ఎక్కువ, మోత తక్కువ, మన్నిక బాగు. వారానికి అరగంట వాడే ఇంటికి ఇండక్షన్ తప్పనిసరి అని నేననుకోను. ఆ తేడా డబ్బు ఇత్తడి లేదా అల్యూమినియం తల ఉన్న పంపుకు పెట్టు. సీళ్ల సెట్టు, వాల్వులు విడిగా దొరుకుతాయా అని కూడా అడుగు. ఆ ప్రశ్నకు తడుముకునే అంగడివాడి దగ్గర కొనవద్దు.

పైపు కొసల విషయంలో నేనొకసారి మోసపోయాను. మోసమేమీ లేదులే, నా తొందర. ఎం22 (అంటే 22 మిల్లీమీటర్ల మర) అని రాసి ఉన్న పైపు తెచ్చి ఎం22 అని రాసి ఉన్న గన్‌కు బిగిస్తే మరలు చక్కగా కూర్చున్నాయి గాని నీళ్లు చిమ్మాయి. టేపు చుట్టాను, పానాతో ఇంకా బిగించాను, చొక్కా తడిసింది. ఆ మర లోపలి గొట్టం కొన్నిటికి 14 మిల్లీమీటర్లు, కొన్నిటికి 15 ఉంటుందని తరువాత తెలిసింది.

కరెంటు విషయంలో ఒక్క మాట. 1,800 వాట్ల మిషను 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ పెడితే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది; చుట్ట విప్పకుండా వాడితే తీగ వేడెక్కుతుంది. తడి చేతులతో చేసే పని కనుక 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడిపోయే బ్రేకరు ఉన్న లైను మీదే నడుపు. ధారను పిల్లవాడి వైపు ఆటకైనా తిప్పకు. అది చర్మంలోకి దూరగలదు, పైకి సూది గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన గాయం. కారు రంగుకు వెడల్పు ధార నాజిల్ పెట్టి, కనీసం 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టు.

తొట్టిలోంచి నీళ్లు పీల్చుకునే పని అన్ని పంపులకూ రాదు. నీ వాడకం ఎక్కువగా తొట్టి నుంచే కనుక కొనేముందు అది అడగడం మరవకు. తొట్టి అయినా కుళాయి అయినా మిషనుకు ముందు, కడుక్కోవడానికి విప్పగలిగే పారదర్శకపు ఫిల్టరు ఒకటి విడిగా బిగించు. పాత జాలీ ముద్దను కాగితంలో చుట్టి ఉంచాను, వచ్చినప్పుడు చూద్దువుగాని. నీ పాత గన్, పైపు బాగానే ఉన్నాయి. వెర్నియర్ కొలబద్దతో ఆ మర లోపలి గొట్టం కొలిస్తే 14 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్తదానిది కూడా అంతే అయితే నాకు చెప్పు, రెండూ కడిగి ఆరబెట్టి పంపిస్తాను.

ఇట్లు,
నాన్న