‘90 శాతం కచ్చితం’ అంటే సరిపోదు

సంపాదకుల వారికి,

మెషీన్ లెర్నింగ్‌తో, అంటే పాత లెక్కల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతితో, వానను ముందే చెప్పే ప్రాజెక్టుల్లో ‘90 శాతం కచ్చితత్వం’ చూసి మురిసిపోనక్కర్లేదు. మన చిత్తూరు వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు వాన పడదు. రోజూ ‘వాన లేదు’ అనే మోడల్‌కీ (అలా నేర్చుకున్న ప్రోగ్రాంకీ) మంచి మార్కులే వస్తాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరిన భారీ వానల్లో ఎన్ని పట్టుకుంది, ఎన్నిసార్లు ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చింది? అది అడగాలి.

అసలు చిక్కు తేదీలది. వాతావరణ శాఖ 24 గంటల వానను ఉదయం 8.30కి కొలిచి ఆ తేదీ కింద రాస్తుంది. అందులో చాలా భాగం ముందురోజుదే. దాన్ని అదే రోజు మధ్యాహ్నపు తేమతో జతకడితే, మోడల్ కురిసి వెలిసిన వానను ‘ముందే’ చెబుతుంది! మోడల్‌కు ముందురోజు ఉదయం 8.30 లోపు కొలతలే ఇవ్వాలి. రెయిన్‌గేజ్ (వాన కొలిచే పరికరం) పట్టికలో ఖాళీని సున్నాగా నింపకూడదు.

మోడల్ శిక్షణకూ పరీక్షకూ రోజులను కలగాపులగంగా పంచొద్దు. 2015 వరకు నేర్పి, తర్వాతి ఏళ్లపై పరీక్షించాలి. 2021 నవంబరు తిరుపతి వరద ఆ పరీక్షలో ఉండి తీరాలి.

వాన లెక్కలకు పటాన్ని గళ్లుగా విడదీస్తే, 0.25 డిగ్రీల గడి ఒక్కో వైపు సుమారు 27 కిలోమీటర్లు. కొండ మీది వానా, కింద ఊళ్లోదీ ఒకే అంకెలో కలిసిపోవచ్చు. మండలాల కొలతలు లేకుండా ఊరి పేరుతో అంచనా ఇవ్వడం దబాయింపే.

– ఒక పాఠకుడు, తిరుపతి