హైకింగ్ క్లబ్బులకు వెనుదిరిగే వేళ తెలియాలి

సంపాదకులకు,

విద్యార్థులను దగ్గర్లోని ప్రభుత్వ అడవులకూ కొండలకూ తీసుకెళ్లే హైకింగ్ క్లబ్బులు పెరగడం సంతోషమే. అయితే ఎక్కడికి వెళ్లాలో నెల ముందే తేల్చుకునే క్లబ్బులు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో మాత్రం బయల్దేరేదాకా అనుకోవు. పొద్దుగూకాక టార్చిలైట్లు పట్టుకుని పిల్లల్ని వెతకాల్సి వచ్చేది అక్కడే.

లెక్క చిన్నదే. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం నేటి కొలతల్లో ఇంచుమించు ఇలా ఉంటుంది: 5 కిలోమీటర్ల నడకకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. రానూపోనూ 8 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎత్తు ఉన్న బాటకు 2 గంటల 6 నిమిషాలు. అది ఆగకుండా నడిచే అలవాటున్న పెద్దవాళ్ల లెక్క. పిల్లల గుంపుకు ఒకటిన్నర రెట్లు చేసి, విరామాలకు అరగంట కలిపితే దాదాపు 3 గంటల 40 నిమిషాలు. అందులో ఎక్కడానికే 2 గంటల పైన పోతుంది. కాబట్టి ఉదయం 7కి మొదలుపెడితే 9:15కి ఎక్కడున్నా వెనక్కి మళ్లాలి, శిఖరం కళ్లెదుటే ఉన్నా సరే. ఈ మాట కొండ కింద ఉండగానే అందరికీ చెప్పాలి. పైకి వెళ్లాక చెబితే ఒక్కరూ వినరు.

ఇక నడిచే వరుస. చురుకైనవాళ్లు ముందు దూసుకుపోయి, నీడ చూసుకుని కూర్చుంటారు. వెనకబడిన పిల్ల రొప్పుతూ అక్కడికి చేరగానే ‘అందరం వచ్చేశాం, పదండి’ అంటూ లేస్తారు. అలసట లేనివాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, అలసిపోయిన పిల్లకు అర నిమిషం. రెండుసార్లు ఇలా జరిగితే ఆ పిల్ల మూడో నడకకు రాదు. నెమ్మదిగా నడిచేవాళ్లను నాయకుడి వెనకే రెండో స్థానంలో నడిపించండి, విరామాన్ని చివరి మనిషి కూర్చున్నప్పటి నుంచి లెక్కపెట్టండి. ప్రథమ చికిత్స సంచీ అందరికంటే వెనక నడిచే పెద్దవారి దగ్గరుండాలి. దెబ్బ తగిలినవాళ్లు వెనకబడతారే గానీ ముందుకు పోరు కదా. గుంపు ఎంత చిన్నదైనా పెద్దవాళ్లు ఇద్దరు తప్పనిసరి. ఒకరు గాయపడ్డవారి దగ్గర ఆగిపోతే మిగతావాళ్లను నడిపించేదెవరు? బాట చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.

నీళ్లు మనిషికి గంటకు అర లీటరు చొప్పున, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. ఇక్కడ ఎవరూ పైకి అనని చిక్కొకటి ఉంది. మరుగు ఎక్కడ దొరుకుతుందో తెలియక ఆడపిల్లలు చాలామంది నీళ్లే తాగరు. తలనొప్పి, కళ్లు తిరగడం ఆ తర్వాతి సంగతి. నీటి వనరులకూ బాటకూ 60 మీటర్ల దూరంలో, అంటే సుమారు 70 పెద్ద అంగల అవతల, వెళ్లవచ్చని ముందే చెప్పండి. మలవిసర్జనకైతే 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చాలి. అందుకు చిన్న తాపీ ఒకటి సంచీలో పెట్టుకుంటే చాలు.

కొత్త బూట్లతో ఎవరినీ రానివ్వొద్దు. మడమ దగ్గర మంట మొదలవగానే ఆపి టేపు వేస్తే బొబ్బ దాకా పోదు. పిల్లలు సిగ్గుపడి చెప్పరు, మీరే అడగాలి. దిగేముందు లేసులు మళ్లీ బిగించుకోకపోతే కాలివేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేకపోతే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే పడిందన్నమాట. గట్టు మీద నుంచి, ఒంటరి చెట్ల కింద నుంచి వెంటనే దిగిపోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

ఆ భూమి ఏ శాఖ అధీనంలో ఉందో తెలుసుకుని అనుమతి తీసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. పేర్లు, బాట, తిరిగొచ్చే వేళ, ఎన్ని గంటలు దాటితే కబురు చేయాలో రాసిన కాగితం ఇంటి దగ్గరుండే ఒక బాధ్యత గల మనిషికి ఇచ్చి వెళ్లండి. దిగాక ఆ మనిషికి ఫోన్ చేయడం మరవొద్దు. లేకపోతే ఇళ్లలో నిద్రపోతున్న పిల్లల కోసం రాత్రంతా కొండ గాలిస్తారు.

– హైకింగ్ శిక్షకులు కొందరు