సంతలో పొడి, చీటీలో లేని మందు

దేవరకొండ, అచ్చంపేట సంతల్లో మధుమేహాన్ని పూర్తిగా నయం చేస్తామంటూ పేరు, తయారీ తేదీ లేని ఆకుపొడులు అమ్ముతుంటే అడిగేవారే లేరు. మా వీధిలో ఒక పెద్దాయన ఆ పొడినే నమ్మి ఆరు నెలలు మాత్రలు మానేశారు. కాలికి ముల్లు గుచ్చుకుని పుండై, చివరికి వేలు తీసేయాల్సి వచ్చింది. మూలికల్లో గుణం లేదని నేను అనను. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు బెల్లం కూడా నోటికి చప్పగానే తగులుతుంది. నేడు మధుమేహానికి కోట్లమంది వాడే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం గలీగా అనే మొక్కలో దొరికిన పదార్థమే. కానీ 1922లో ప్రయోగశాలలో తయారైన ఆ మందు రోగికి చేరేసరికి 1957 వచ్చింది. సంతలోని గుప్పెడు పొడికి ఒక్క పరీక్షయినా జరిగిందా? మోతాదు చెంచానా, అర చెంచానా అన్నది కూడా అమ్మేవాడి నోటిమాటే. మాత్రతో పాటు పొడీ వేసుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. మధుమేహం నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఔషధ తనిఖీ అధికారులు సంతరోజునే వచ్చి నమూనాలు తీసి, ఇంగ్లిషు మాత్రలు కలిపారేమో పరీక్షించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చక్కెర పరీక్షకు వచ్చినవారిని ఏ పొడి, ఏ కషాయం వాడుతున్నారో అడిగి చీటీలో రాయాలి. కసరకుండా అడగాలి, కసిరితే మావాళ్లు దాచిపెడతారు.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా