పదిహేను పట్టే ఆట: శీనుకి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

పిల్లలకి నోటిలెక్కలు అలవాటయ్యేలా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే పేకాట ఏదైనా చెప్పమన్నావు కదా. ఎస్కోబా నేర్పించు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో బాగా ఆడే ఆట ఇది. ఇటలీవాళ్ల స్కోపాకి దగ్గరి చుట్టం. స్కోపాలో కింద పరిచిన ముక్కల్లోంచి చేతిముక్క విలువకి సమానమైనవి పడతారు, అంటే తీసుకుంటారు. ఇందులో చేతిముక్కతో కలిపి సరిగ్గా 15 అయ్యేవి పట్టాలి. ఆ ఒక్క తేడాతో ఇది లెక్కల ఆట అయిపోయింది. కూడికా తీసివేతా చెయ్యకుండా ఒక్క ముక్క కూడా పట్టలేం.

మామూలు పేక చాలు. జోకర్లు, జాకీలు, రాణులు, రాజులు తీసెయ్. ఆసు నుంచి పది దాకా 40 ముక్కలు మిగులుతాయి. ఆసు అంటే ఒకటి. అసలు స్పానిష్ పేకలో 8, 9, 10 విలువలు బొమ్మ ముక్కలకి ఉంటాయి. నీకూ అలాగే కావాలంటే అంకెల 8, 9, 10 తీసేసి జాకీకి 8, రాణికి 9, రాజుకి 10 పెట్టుకోవచ్చు. కానీ చిన్నదానికి మాత్రం అంకెల ముక్కలే ఉంచు. ముక్క మీది గుర్తులు లెక్కపెట్టుకోవచ్చన్న ధైర్యం ఉంటుంది. పెద్దాడికి ఆట పట్టుబడ్డాక బొమ్మలకి మారు.

నాలుగు ముక్కలు కింద తెరిచి పెట్టి, తలా మూడు పంచు. చేతులు ఖాళీ అయ్యాక మళ్లీ తలా మూడు, కిందకి మాత్రం ఇంక వెయ్యవు. కింద పెట్టాక మిగిలేవి 36, అంటే మూడేసి చొప్పున పన్నెండు చేతులు. అందుకే ఇద్దరికీ, ముగ్గురికీ, నలుగురికీ, ఆరుగురికీ సరిగ్గా సరిపోతుంది. ఐదుగురుంటే సరిపోదు, కాబట్టి ఒకరు చిన్నదానితో జట్టుగా కూర్చోవాలి. నలుగురైతే ఎదురెదురువాళ్లు జట్టు కడితే బాగుంటుంది.

వంతు వచ్చినవాళ్లు ఒక్క ముక్క వేస్తారు. దానితో కిందవి ఎన్ని కలిపినా సరే, మొత్తం 15 అయితే అవన్నీ తీసుకుని తన ముందు బోర్లా పెట్టుకుంటారు. కాకపోతే వేసిన ముక్క కిందే ఉండిపోతుంది. ఒక వంతులో ఒక్క పట్టే. కిందవన్నీ ఒకే పట్టులో ఊడ్చేస్తే దాన్ని ఊడ్పు అనుకోండి, దానికి ఒక పాయింటు. పంచగానే కింది నాలుగూ కలిసి 15 అయితే ఆ ఊడ్పు పంచినవాళ్లది. ఆ నాలుగూ రెండు పదిహేనులుగా విడిపోతే వాళ్లకి రెండు ఊడ్పులు.

పేక అయిపోయాక కింద మిగిలినవి ఆఖరి పట్టు ఎవరిదో వాళ్లకి వెళ్తాయి, అది ఊడ్పు కింద రాదు. అప్పుడు లెక్క: ఎక్కువ ముక్కలు ఉన్నవాళ్లకి ఒకటి, ఎక్కువ డైమండ్లకి ఒకటి, ఎక్కువ ఏడులకి ఒకటి, డైమండ్ ఏడుకి ఒకటి. ఊడ్పులు దీనికి అదనం. సమానమైతే ఆ పాయింటు ఎవరికీ లేదని ముందే అనుకోండి, లేకపోతే అక్కడే గొడవ మొదలవుతుంది. పంపకాల మీద పంపకాలు ఆడుతూ 21 ముందు చేరినవాళ్లు గెలిచినట్టు.

ఇక అసలు సంగతి. కొత్తగా ఆడే పిల్లలు కింది ముక్కల్ని తోచినట్టు కూడుకుంటూ పోతారు, 15 తగిలితే అదృష్టం అనుకుంటారు. అలా అయితే నాలుగైదు ముక్కలు పడేసరికి తికమకపడి, కనిపించిన జత పట్టేసుకుంటారు. వాళ్లకి మొదట నేర్పాల్సింది తీసివేత. చేతిలో మూడు ముక్కలు చూడగానే ఒక్కోదానికి ఎంత తక్కువో మనసులో అనుకోవాలి: ఏడైతే ఎనిమిది కావాలి, ఆరైతే తొమ్మిది, రెండైతే పదమూడు. ఆ తర్వాతే కిందకి చూడాలి. కింద పెద్ద ముక్కతో మొదలుపెట్టి చిన్నవి చేర్చుకుంటూ రావాలి. తొమ్మిది దగ్గర మొదలెడితే పదమూడుకి నాలుగే దూరం. ఆసు దగ్గర మొదలెడితే దారి తప్పుతారు.

ఒక ఉదాహరణ చూడు. కింద 9, 5, 3, ఆసు. చేతిలో 7, 6, 2. ఏడుతో 5, 3 వస్తాయి. రెండుతో 9, 3, ఆసు వస్తాయి. ఆరుతో తొమ్మిదైనా పట్టొచ్చు, లేకపోతే 5, 3, ఆసు మూడూ పట్టొచ్చు. మూడు ముక్కలకీ పట్టు ఉంది, మరి ఏది వెయ్యాలి? కింద ఏం వదులుతున్నామో చూడాలి. రెండు వేస్తే కింద 5 మిగులుతుంది, ఎదుటివాడి చేతిలో పది ఉంటే ఊడ్చేస్తాడు, పదులు నాలుగూ ఇంకా బయటపడలేదు. ఆరు వేసి 5, 3, ఆసు పడితే కింద 9. దాన్ని ఊడ్చాలంటే ఆరు కావాలి, అందులో ఒకటి ఇప్పుడే నువ్వు వాడేశావు. రెండు దారుల్లోనూ వచ్చేవి నాలుగేసి ముక్కలే, కానీ ఆరే మేలు. నీ ఏడు డైమండ్ అయితే మాత్రం ముందు అదే వెయ్యి, వేరే ఆలోచన వద్దు. అప్పుడు కింద 10 మిగిలి, ఎదుటివాడి ఐదుకి ఊడ్పు దొరికినా పరవాలేదు. ఆ ఒక్క ముక్క ఆఖర్లో లెక్కపెట్టే నాలుగు పాయింట్లకీ పనికొస్తుంది.

ఊడ్పు భయం ఎప్పుడు ఉండదో కూడా పెద్దాడికి చెప్పు, లేదా వాడే కనిపెట్టేదాకా ఆగు (ఆగడమే నాకిష్టం). కింద మొత్తం 5 నుంచి 14 లోపు ఉంటేనే ఒక్క ముక్కతో ఊడ్చగలరు. నాలుగో అంతకన్నా తక్కువో ఉంటే పది వేసినా చాలదు. పదిహేనుకి చేరితే ఏం వేసినా దాటిపోతుంది. ఇది తెలిశాక ప్రతి వంతులోనూ వాడు కింది మొత్తాన్ని కూడుతూనే ఉంటాడు, ఎవరూ చెప్పక్కర్లేదు.

తప్పులు పట్టుకునే మార్గం ఈ ఆటలోనే ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మొత్తం 40 ముక్కల విలువ 220. ప్రతి పట్టుకీ 15 పోతుంది. 15 పధ్నాలుగులు 210, అంటే ఎన్ని పట్లు పట్టినా చివర కింద మిగిలేది 10, 25, 40 ఇలాగే ఉండాలి. 9 మిగిలినా 11 మిగిలినా ఎవరో ఒకరు తప్పుగా పట్టారన్నమాట. కింద ఏమీ మిగలకపోతే అదీ తప్పే. ఎక్కడ తప్పారో దొరకాలంటే ఒక్కో పట్టునీ ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పేర్చమను, ఊడ్పు అయితే ఒక ముక్క తెరిచి ఉంచమను. అప్పుడు దొంతర విప్పి చూస్తే సరిపోతుంది.

ఇద్దరే ఆడుతుంటే దీనితో ఇంకో పని చెయ్యొచ్చు. ఆఖరి పంపకంలో కింద 5, 7, నీ చేతిలో ఒక్క 4, ఎదుటివాడి చేతిలో ఒక్క ముక్క ఉన్నాయనుకో. అన్నీ కలిపితే 16. 25 కావాలంటే 9. వాడి ముక్క తొమ్మిదే, ఇంకోటి అయ్యే వీలే లేదు. ఇది చేసి చూపిస్తే పెద్దాడు నిన్ను వదలడు.

ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమాలు రెండు. పట్టే ముందు పైకి చెప్పాలి: "తొమ్మిదీ మూడూ పన్నెండు, ఒకటి పదమూడు, రెండు పదిహేను." తప్పు చెబితే వేసిన ముక్క కిందే ఉండిపోతుంది, అంతే, వేరే శిక్ష లేదు. రెండోది, ఒకరి వంతులో ఇంకొకరు వేలు చూపించకూడదు. ఇది పిల్లలకన్నా పెద్దలకే కష్టం, చెల్లెమ్మకీ నీకూ ముందే చెబుతున్నా. చిన్నది వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీ. గడియారం మాత్రం పెట్టొద్దు. తొందరపెడితే నెమ్మదిగా సరిగ్గా చేసే పిల్ల చెయ్యడమే మానేస్తుంది.

చిన్నదానికి 15 మరీ పెద్దదనిపిస్తే ఆసు నుంచి ఏడు దాకా 28 ముక్కలే ఉంచి 10 పట్టించు. మొత్తం విలువ 112, కాబట్టి చివర 2, 12, 22 ఇలా మిగలాలి. నాలుగు కింద పెట్టాక 24 ముక్కలుంటాయి, ఇద్దరికో నలుగురికో సరిపోతుంది, ముగ్గురికి సరిపోదు. ఇందులో 3 నుంచి 9 దాకా ఊడ్పు భయం. మిగతావన్నీ మామూలే.

మొదటి ఆటకి పాయింట్లు రాయకండి, ముక్కలు తెరిచి పెట్టుకుని నలుగురూ కలిసి ఆలోచించండి. రెండో ఆట నుంచి కాగితం తీయండి. ఎక్కడైనా నియమం అడ్డం పడితే రాయి, జవాబు రాస్తాను.

నీ
రవి