ఆ పట్టికలో లేని వరుస

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ విద్యా పేజీలో వైద్య విద్యనూ కంప్యూటర్ సైన్సునూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక వేశారు. ఎన్నేళ్ల చదువు, ఎంత ఖర్చు, చేరగానే ఎంత జీతం, పదేళ్లకు ఎంత, ఉద్యోగ భద్రత ఎలా ఉంటుంది, ఇలా అన్నీ ఇచ్చారు. మా అన్నయ్య కూతురు ఆ పేజీ కత్తిరించి, పుస్తకంలో మడిచి పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. ఒక్కో గడి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టింది. కాగితం అక్కడక్కడ పలచబడిపోయింది కూడా. "అత్తా, మార్కులు రెండింటికీ సరిపోయేలా ఉన్నాయి. ఏది తీసుకోమంటావు?" అని అడిగింది.

ముప్పై ఏళ్లకు పైగా వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ, అంటే శరీరం ఎలా పనిచేస్తుందన్న పాఠం, చెప్పినదాన్ని కాబట్టి మెడిసిన్ అంటాననే అనుకుని ఉంటుంది. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేశాను. ఆసుపత్రి వార్డులో ఎప్పుడైనా ఒక పూట నిలబడి చూశావా? సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం ఎప్పుడైనా రాశావా? రెండింటికీ తల అడ్డంగా ఊపింది. తప్పు ఆమెది కాదు. నలభై ఏళ్లు చేయబోయే పనిని ఒక్క రోజైనా చూడనివ్వకుండా, ఎంచుకో అని కూర్చోబెట్టింది మనం. మీ పట్టికలో పదకొండు వరుసలున్నాయి, లెక్కపెట్టాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి చేసే పని ఏమిటన్న వరుస మాత్రం వాటిలో లేదు.

ఆ వరుస విలువ నాకు తరగతి గదిలో తెలిసింది. మొదటి సంవత్సరం పిల్లలకు రక్తపోటు చూడటం నేర్పుతాం. పక్కవారి చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి వినాలి. మొదట టక్కుమని వినబడినప్పటి అంకె పైది, చప్పుడు మాయమైనప్పటి అంకె కిందిది. పుస్తకంలో ఇది నాలుగు పంక్తులు. కొందరు పట్టీ చుడుతూనే "బిగుతుగా ఉందా?" అని అడుగుతారు, ఎవరూ నేర్పకుండానే. ఒక అబ్బాయి ఉండేవాడు, రాత పరీక్షల్లో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఒకడు. అంకె ఎన్నడూ తప్పు చెప్పలేదు. కానీ ఎదుటి మనిషిని ముట్టుకోవాల్సి వస్తే చాలు, అతని భుజాలు బిగుసుకుపోయేవి. మొదట్లో అందరికీ ఉండే బిడియమే, పోతుందిలే అనుకున్నాం. మూడో ఏడు వార్డుకు వెళ్లినప్పుడు రోగి ముఖం వైపు చూడకుండా కేస్ షీటు చూస్తూనే ప్రశ్నలు అడిగేవాడు. ఒకరోజు మంచం మీది పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుని, "నొప్పి ఇక్కడుంది నాయనా" అన్నాడు. ఆ సాయంత్రం నా గదికి వచ్చి చాలాసేపు ఏడ్చాడు. మానేస్తానని ఇంట్లో చెప్పే ధైర్యం లేదన్నాడు. చదువు పూర్తి చేశాడు. రోగులతో సంబంధం లేని ఉద్యోగంలో ఇప్పుడు కుదురుగా ఉన్నాడు, సంతోషం. అయితే ఆ ఏడాది ఆ సీటు అందక వెనుదిరిగిన వారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వారి గురించి ఆలోచించకుండా ఉండలేను.

రెండో పని గురించి నాకు తెలిసింది కొంచెమే గానీ, చేసి తెలుసుకున్నదే. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఈసీజీ రికార్డుల్లో గుండె కొట్టుకున్న సంఖ్య లెక్కించే ప్రోగ్రాం ఒకటి రాయడం నేర్చుకున్నాను. చేత్తో లెక్కపెడితే వచ్చేదానికన్నా ప్రతి రికార్డులోనూ ఒకటి తక్కువ చూపించేది. రెండు సాయంత్రాలు వెతికాను. ఆ ప్రోగ్రామింగ్ భాషలో వరుసలోని వాటి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, నేను ఒకటి నుంచి చూడమని రాశాను, మొదటి స్పందన ప్రతిసారీ జారిపోయింది. అది దొరికిన క్షణాన కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఆ వెతుకులాటను రోజంతా, ఏళ్ల తరబడి ఇష్టంగా చేసేవారున్నారు. అరగంటకే తల పట్టుకునేవారూ ఉన్నారు. ఎవరు ఎటువంటివారో ప్రవేశ పరీక్ష చెప్పలేదు. వారం రోజులు చేసి చూస్తే తెలిసిపోతుంది.

వైద్యమంటే సేవ, కంప్యూటరంటే సంపాదన అని ఇళ్లలో రెండు ముక్కల్లో తేల్చేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 1985 నుంచి 1987 మధ్య ఉత్తర అమెరికాలో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం ఆరుగురు రోగులకు ఇవ్వాల్సిన మోతాదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. పాత నమూనాల్లో ప్రమాదాన్ని ఆపే రక్షణ పరికరాలు విడిగా ఉండేవి. కొత్తదానిలో వాటిని తీసేసి భారమంతా ప్రోగ్రాం మీద వేశారు. ఆపరేటర్ ఒక అక్షరం తప్పు కొట్టి, వెంటనే గబగబా సరిదిద్దితే, ఆ దిద్దుబాటు యంత్రానికి పూర్తిగా అందేది కాదు. టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్త, ఆపరేటర్ కలిసి కూర్చుని, అవే అక్షరాలను అదే వేగంతో మళ్లీ మళ్లీ కొట్టి చూస్తే గానీ ఆ లోపం పట్టుబడలేదు. కోడ్ రాసేవారి చేతుల్లోనూ ప్రాణాలుంటాయని పిల్లలకు మనం చెబుతున్నామా?

ప్రాణాలు నిలబెట్టినవారూ అటువైపు ఉన్నారు. 1971లో రోగికి మొదటి సీటీ స్కాన్ తీసిన యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు. 1979లో ఆయనతో కలిసి వైద్య నోబెల్ పంచుకున్న అలన్ కార్మాక్ భౌతిక శాస్త్రవేత్త. రోగ నిర్ధారణలో కంప్యూటర్ ఎలా తోడ్పడగలదో 1959లోనే ఒక రేడియాలజిస్టుతో (ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి రోగం తేల్చే వైద్యుడితో) కలిసి రాసిన రాబర్ట్ లెడ్లీ దంతవైద్యం చదివినవారు. ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాంకు 2024లో రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్నవారిలో ఒకరైన డెమిస్ హసాబిస్ డిగ్రీలో చదివింది కంప్యూటర్ సైన్సే. మనుషులకు మేలు చేయాలని తపన పడే పిల్లలకు మెడిసిన్ ఒక్కటే దారి అని చెప్పడం వారికి అన్యాయం చేయడమే.

కృత్రిమ మేధ భయం గురించి కూడా ఒక మాట. ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం మానేయాలని, ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రమే వారికన్నా బాగా చేస్తుందని 2016లో కృత్రిమ మేధ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ అన్నారు. అంతటి శాస్త్రవేత్త మాట విని ఆనాడు ఆ శాఖ వద్దనుకున్నవారు ఉండవచ్చు. రేడియాలజిస్టులు ఈనాటికీ ఉన్నారు, యంత్రాన్ని పక్కన పెట్టుకుని పనిచేస్తున్నారు. ఈ రోజు ప్రోగ్రామర్ల గురించి అటువంటి జోస్యాలే వినబడుతున్నాయి. వాటిని నమ్మి పదిహేడేళ్ల పిల్ల తన ఇష్టాన్ని చంపుకోనక్కర్లేదు.

ఒక తేడా మాత్రం నిజం. కంప్యూటర్ సైన్సు డిగ్రీ చాలాచోట్ల మూడు నాలుగేళ్లలో చేతికొస్తుంది. వైద్యం బ్రిటన్‌లో ఐదారేళ్లు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ, దాని మీద నాలుగేళ్ల మెడిసిన్, ఆ తర్వాత ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీ మూడు నుంచి ఏడేళ్లు. వైద్యులు ముప్పైల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకోగలరు. ప్రోగ్రామర్ వైద్యం చేయాలంటే మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. ఇది చూపించి, "ముందు మెడిసిన్‌లో చేరిపో, నచ్చకపోతే తర్వాత చూసుకోవచ్చు" అని చెప్పే పెద్దలను ఎంతోమందిని చూశాను. ఆ సలహా ఎవరికీ ఇవ్వకండని వేడుకుంటున్నాను. ఆ తర్వాత అనేది వచ్చేలోగా, మనసు మరెక్కడో ఉన్న ఆ చేతుల్లోంచి ఎందరో రోగులు వెళ్తారు.

కళాశాలలనూ వాటిని నడిపించే ప్రభుత్వాలనూ నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. దరఖాస్తుకు ముందు ఒక వారం పిల్లలను లోపలికి రానివ్వండి. వార్డులో రోగి ఒప్పుకుంటేనే, దేన్నీ ముట్టుకోకుండా, ఒక మూల నిలబడి చూడనివ్వండి. అందులో ఒక రాత్రి డ్యూటీ తప్పనిసరిగా ఉండాలి. పగలు రౌండ్స్ చూస్తే తెల్లకోటే కనబడుతుంది. తెల్లవారుజామున మూడింటికి, ఇరవై గంటలుగా నిద్రలేని వైద్యురాలు ఒక తల్లితో ఎలా మాట్లాడుతుందో చూడాలి. కంప్యూటర్ విభాగంలోనైతే ఆటలు తయారుచేయించి సరదాగా పంపించేయవద్దు. ఎవరో రాసి వదిలేసిన, సరిగా నడవని ప్రోగ్రాం చేతికిచ్చి బాగుచేయమనండి. చేరాక మొదటి ఏడు చివర, కట్టిన డబ్బు పోకుండా, సంజాయిషీ అడగకుండా, చదువు మార్చుకునే వీలు కల్పించండి. నా విద్యార్థికి ఆ వీలు ఉండి ఉంటే ఆ సాయంత్రం అంతలా ఏడ్చేవాడు కాదు.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది. వచ్చే ఆదివారం పేజీలో జీతాల పట్టిక బదులు, కొత్తగా డ్యూటీలో చేరిన ఒక డాక్టరు చేత, నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఒక ప్రోగ్రామర్ చేత, నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా ఏం చేశారో గంట గంటకూ రాయించి వేయండి. విసుగు పుట్టించిన గంటలను కూడా తీసేయకుండా వేయండి. మా అన్నయ్య కూతురి దరఖాస్తు గడువుకు ఇంకా ఆరు వారాలుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకురాలు