పిల్లల మనసుల కోసం: మన సంఘం వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పని గురించి చెబుతాను. ఆదివారం సాయంత్రం పిల్లల క్లాసు ఈ ఏడాదీ ఆగకుండా నడిచింది. కోపమొస్తే చేతికందింది విసిరేసేవాళ్లూ, భయమేస్తే నోరు మెదపనివాళ్లూ అందరూ వచ్చారు. వాళ్లకు మేం చెప్పింది ఒక్కటే: కోపం రావడం తప్పు కాదు, కొట్టడం తప్పు. పిల్లవాడు ఊగిపోతున్నప్పుడు నీతులు చెవికెక్కవు. ముందు పక్కన కూర్చోవాలి. కాసిని మంచినీళ్లిచ్చి, ఊపిరి నిదానంగా వదలమనాలి. ఏమైందని అడగడం ఆ తర్వాతే. ఆవేశాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేసరికి 20 ఏళ్లు దాటుతాయి. ఏడేళ్లవాడు పెద్దమనిషిలా ఉండాలనుకోవడం అన్యాయం.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది మే నెలలో పెట్టిన వేషాల సాయంత్రం. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఆ వెసులుబాటే పిల్లలకూ ఇద్దామన్నాం. ఆచారాన్ని ఆటగా మార్చొద్దని కొందరు పెద్దమ్మలు అభ్యంతరపెట్టారు. వాళ్ల మాట మన్నించి అమ్మవారి వేషాలు వద్దనుకుని కోపం, భయం, కుళ్లు, దిగులు, వీటికే వేషాలు కట్టించాం. బూతు ఉండకూడదు, మనసులో మాట దాచకూడదు అని షరతు. ఒక బాబు ముఖమంతా బొగ్గుపొడి పూసుకుని వచ్చి, ముందు వరసలో ఉన్న అమ్మను చూస్తూ "అన్నతో పోల్చినప్పుడల్లా నాకు ఇల్లు వదిలి పోవాలనిపిస్తుంది" అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి, చీర నల్లబడుతున్నా వాణ్ని దగ్గరకు తీసుకుంది. సంఘం పుట్టాక ఇంత మంచి పని చేయలేదని నా అభిప్రాయం.

రంగులు, అట్టలు ఇచ్చిన స్టేషనరీ షాపు అన్నకు, సుండలు (గుగ్గిళ్లు) వండి తెచ్చిన అక్కలకు, ప్రతి వారం తాళం తీసి చాపలు పరిచిన రిటైర్డ్ టీచరమ్మకు ధన్యవాదాలు. ఆవిడ లేకపోతే ఈ క్లాసే లేదు.

వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో చాలామంది ఫొటోల రోజు తప్ప మళ్లీ కనిపించలేదు. నాన్నలైతే బండి మీద దించేసి వెళ్లిపోతున్నారు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనే మాట ఇళ్లలో ఆగాలంటే వాళ్లు లోపలికొచ్చి కూర్చోవాలి. మన వీధి బడికి కౌన్సెలర్‌ను పంపమని అర్జీ పెడితే, అర్జీ తీసుకున్న ఆఫీసులో టేబుళ్ల చుట్టూ తిప్పారే తప్ప జవాబివ్వలేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం వద్దన్నాక, పిల్లలతో మాట్లాడే మనిషిని ఇవ్వాలి కదా!

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు, పట్టిక నోటీసు బోర్డులో ఉంది. చందా బాకీలు ఈ నెలలో కట్టేయండి.

పిల్లల దిగులు, కోపం వారాల తరబడి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098. వచ్చే ఆదివారం క్లాసుకు ఇద్దరు నాన్నలు కావాలి. సభ ముగిసేలోపు నా దగ్గర పేర్లు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి